పాత మిద్దెలో పలకల నేల మీద టైల్స్ వేయించొచ్చా? మేస్త్రీ రెండంగుళాల మాలు పోస్తానంటున్నాడు

పాతమిద్దె (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్తే. మాది జేజినాయన కాలంలో కట్టిన మిద్దె. రెండడుగుల మందం రాతిగోడలు, కింద వంటిల్లు, దాని మీద ఒక గది. ఆ పైగది నేల మొత్తం చెక్కదే. గోడ నుంచి గోడకు రెండు టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద అంగుళం మందం పలకలు. గది 12 అడుగులు, 14 అడుగులు. దూలాలు 12 అడుగుల వైపు ఉన్నాయి.

ఇన్నేళ్లూ ఆ గదిలో వేరుశనక్కాయల మూటలు, పాత పెట్టెలు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు నేను ఇంటి నుంచే పని చేస్తున్నా కాబట్టి దాన్ని బాగు చేయించుకుని అక్కడ కూర్చుందామని. సమస్య ఏమంటే పలకల మధ్య సందులున్నాయి, పైన ఊడ్చినప్పుడల్లా దుమ్మంతా కింద వంటింట్లో పడుతుంది. మొన్న ఊడుస్తుంటే సరిగ్గా పప్పు గిన్నె మీద పడింది, అమ్మ తిట్టిన తిట్లు రాస్తే ఇక్కడ తీసేస్తారు. అందుకే టైల్స్ వేయించేస్తే సందులూ మూసుకుపోతాయి, తడిగుడ్డ పెట్టుకోవచ్చు అనుకున్నా.

మేస్త్రీని పిలిస్తే ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద రెండంగుళాల సిమెంటు మాలు పోసి, రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ వేస్తానన్నాడు. ఇంకో ఆయన మాలు అక్కర్లేదు, పలకల మీదే గమ్ముతో అంటించేస్తానన్నాడు. ఇద్దరూ ఏం కాదన్నా అనే అంటున్నారు, నాకు అదే టెన్షన్. ఎవరైనా చెక్క మీద టైల్స్ వేయించి ఉంటే చెప్పండి.

తాడిపత్రి బండ

కడప జిల్లాలో ఉండి టైల్స్ అంటావేంది బ్రో, పక్కనే బండల గనులు పెట్టుకుని. శుభ్రంగా నల్ల బండలు పరిపించు, పాలిష్ పట్టించు, నీ మనవళ్లు కూడా దాని మీదే పడుకుంటారు. ఎండాకాలం చల్లగా ఉంటుంది. టైల్స్ ఎవడి కోసం.

సైట్ ఇంజనీరు, కడప

పైన బండలు చెప్పిన అన్న సరదాగానే చెప్పినా, ఎవరన్నా నిజంగా చేయించుకుంటారేమో అని రాస్తున్నా. నేల మీదైతే బండను మించింది లేదు, కానీ ఇది దూలాల మీద నిలబడిన గది. అంగుళం బండ చదరపు అడుగుకు 6 కిలోలకు పైనే తూగుతుంది. ఈ గది 168 చదరపు అడుగులు, అంటే ఉట్టి బండే వెయ్యి కిలోలు దాటుతుంది, కింద మాలు వేరే. పైగా రాయికి కింద ఇంకా గట్టిగా ఉండాలి. సిరామిక్ టైల్స్ వేయాలంటే దూలం పొడవులో 360వ వంతు కంటే ఎక్కువ వంగకూడదని ఒక లెక్క ఉంది, రాయికైతే 720వ వంతే. 12 అడుగుల దూలానికి చూస్తే టైల్స్‌కు 10 మిల్లీమీటర్లు, బండకు 5.

ఇక మీ మేస్త్రీ చెప్పిన రెండంగుళాల మాలు. ఆ గదికి అది సుమారు 0.8 ఘనమీటర్ వస్తుంది, ఆరాక కూడా 1,600 కిలోలు. టైల్స్ ఇంకో 300. మొత్తం రెండు టన్నులకు దగ్గర, అదీ శాశ్వతంగా. మంచం, బీరువా, మనుషులు ఇంకా ఎక్కలేదు. ఇళ్లలో గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడకం బరువు అని లెక్క కట్టి డిజైన్ చేస్తాం. మీ మేస్త్రీ ఆ మనుషుల కోటాలో సగానికి పైన మాలుకే రాసిచ్చేస్తున్నాడు. వేరుశనక్కాయల మూటలు మోసింది కదా అనొద్దు, మూటలు గోడ పక్కన పెడతాం, మాలు గది మధ్యలో కూడా ఉంటుంది, దూలం వంగేది అక్కడే.

బరువు ఒక్కటే కాదు. ఆయన ప్లాస్టిక్ పట్టా అన్నది ఊరకే కాదులెండి, పట్టా లేకపోతే ఎండిన పలకలు మాలులోని నీళ్లు పీల్చేస్తాయి, మాలు గట్టిపడకుండా పొడిపొడిగా అయిపోతుంది, పలకలేమో ఉబ్బుతాయి. పట్టా వేస్తే ఆ బాధ తప్పుతుంది కానీ అప్పుడు మాలుకు చెక్కకు పట్టు ఉండదు, రెండంగుళాల పెళుసు సిమెంటు దిమ్మె ఒకటి ఊగే నేల మీద ఊరకే కూర్చుంటుంది. లోపల జల్లెడ కమ్మీ లేకపోతే అది పగలడం ఖాయం. ఎక్కడ పగిలితే పైన టైల్ కూడా అక్కడే పగులుతుంది.

మొత్తంగా చెక్క మీద టైల్స్ కుదరవని కాదు. చలిదేశాల్లో ఇళ్లకు ఇళ్లే చెక్కతో కట్టుకుంటారు, బాత్రూముల్లో కూడా టైల్స్ వేసుకుంటారు. వాళ్లు వేసే పద్ధతి వేరు. ముందు మీ దూలాల సంగతి తేలనివ్వండి, తర్వాత పద్ధతి చెప్తా.

కర్నూలు పాతబస్తీ

రెండో మేస్త్రీ చెప్పినట్టు నేరుగా పలకల మీద అంటించాలనే ఆలోచన ఉంటే మా కథ వినండి.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి కలిసి ఊరి మీద పడ్డప్పుడు మా ఇంట్లో కిందంతా నీళ్లే, ఇంటిల్లిపాదీ పైన ఇలాంటి పలకల గదిలోనే ఉన్నాం. నీళ్లు పోయాక కింద బాగుచేయించి, ఆ ఊపులో పైగదికి కూడా టైల్స్ వేయించాడు నాన్న. పలకల మీద చికెన్ మెష్ కొట్టి, పలచగా సిమెంటు పాలు, మాలు, దాని మీద అడుగు టైల్స్. వేసినప్పుడు ఎంత బాగుందో, బంధువులంతా ఎక్కి చూసిపోయారు.

చలికాలం వేయించాం. ఏప్రిల్ వచ్చేసరికి ఒక చోట టక్ మని శబ్దం, మేం బల్లి ఏదన్నా పడేసిందేమో అనుకున్నాం. చూస్తే టైల్స్ మధ్య సందులు పూడ్చే గ్రౌట్‌లో వెంట్రుక లాంటి గీత. మే నెలకు ఆ గీత ఈ గోడ నుంచి ఆ గోడకు సూటిగా పాకింది, సరిగ్గా కింద రెండు పలకలు కలిసే సందు మీదుగా. దారి మధ్యలో ఏ టైల్ అడ్డమొస్తే అది రెండు ముక్కలు. వానలు పడ్డాక ఇంకో వైపు టైల్స్ పైకి లేచాయి, తడితే కుండ మోగినట్టు మోగేవి. రెండేళ్లలో నాన్నే గడ్డపారతో పెకలించాడు, అప్పుడు చూస్తే పలకల మీద సిమెంటు ఎక్కడా అంటుకునే లేదు, చేత్తో ఎత్తితే వచ్చేసింది.

మేస్త్రీని అడిగితే కలప మంచిది కాదన్నాడు, వడ్రంగిని అడిగితే మేస్త్రీ పని మంచిది కాదన్నాడు. డబ్బులు మాత్రం మావే.

వడ్రంగి పని, ఆదోని

కర్నూలు అన్న చెప్పినదాంట్లో కలపది తప్పు లేదు, మేస్త్రీది కూడా సగమే తప్పు. కలపకు ప్రాణం పోదు సార్. మీ వీధి తలుపే చూడండి, వానాకాలం బిగుసుకుని కాలితో తంతే గానీ రాదు, ఎండాకాలం అదే తలుపు వదులై గాలికి కొట్టుకుంటుంది. పలక కూడా అంతే. పొడవులో పెద్దగా మారదు, వెడల్పులోనే పెరుగుతుంది, తగ్గుతుంది. టేకు తక్కువ, వేప, తుమ్మ లాంటివి ఎక్కువ. ఒక్కో పలక రొంత జరిగినా చాలు, జరిగే చోటల్లా సందే. టైల్‌కు జరగడం చేతకాదు, దానికి తెలిసింది పగలడమే.

మన సీమలో ఇంకో ఇబ్బంది, ఎండాకాలం గాలిలో తడే ఉండదు, వానలొచ్చాక ఒక్కసారిగా చెమ్మ. పలకలు ఎంత ఎండుతాయో అంత పీలుస్తాయి. కాబట్టి పలకకూ టైల్‌కూ మధ్యలో ఇంకేదో ఉండాలి, అది ఇంజనీరు సార్ చెప్తారు.

నేను చెప్పేది అంతకు ముందు చేసే పని. ఇది ఎవరూ చేయరు, టైల్స్ రంగు దగ్గరే ఆగిపోతారు.

కింద వంటింట్లోకి పోయి, టార్చి పట్టుకుని, దూలం గోడలోకి దూరే చోటు చూడండి. నాలుగు కొనలూ. మధ్యలో దూలం నిగనిగలాడుతూనే ఉంటుంది, పాడయ్యేదంతా గోడ లోపలే. వాననీళ్లు గోడలో దిగుతుంటే ఆ తడికి చెదలు వస్తాయి, టేకును చెదలు తినవు అంటారు గానీ తడిసి మెత్తబడిన టేకును, చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కను బాగానే తింటాయి. స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. గింజ మందం దిగి ఆగితే ఏం ఫర్వాలేదు. మెత్తగా లోపలికి పోతే ఇక టైల్స్ గురించి మాట్లాడొద్దు, దూలం గురించి మాట్లాడండి. సుత్తితో తట్టినా తెలుస్తుంది, గట్టి దూలం కంగుమంటుంది, బోలుది డబ్ మంటుంది.

ఆ తర్వాత పైకి పోయి పలకలన్నీ తొక్కండి. కిర్రుమన్న ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టండి. పాత మేకులు వదులైపోతాయి, అడుగు పడ్డప్పుడు పలక మేకు వెంట పైకీ కిందికీ పోతుంది, ఆ శబ్దమే అది. మేకులు మళ్లీ బిగగొడితే ఆరు నెలలు, అంతే. దంతె ఉన్న ప్రతిచోటా రెండేసి స్క్రూలు బిగించాలి.

గది మధ్యలో చెంబు నిండా నీళ్లు పెట్టి, పక్కన ఒకరు మామూలుగా నడవండి. నీళ్లు కదిలినా పర్వాలేదు, తొణికి ఒలికితే మాత్రం నాకు నచ్చదు.

సైట్ ఇంజనీరు, కడప

ఆచారి గారు చెప్పినవి చేశాక, కొనలు నాలుగూ గట్టిగా ఉన్నాయని తేలితేనే ఇది చేయండి. దూలం కింద ఈ కొన నుంచి ఆ కొనకు దారం బిగించి కట్టండి. మధ్యలో దారానికి దూలానికి ఎంత సందు ఉందో కొలిచి పెట్టుకోండి. తర్వాత ఇద్దరు, కలిపి ఓ 150 కిలోలు ఉండేవాళ్లు, సరిగ్గా ఆ దూలం మధ్యలో నిలబడితే మళ్లీ కొలవండి. 2 మిల్లీమీటర్ల లోపు తేడా వస్తే దూలం టైల్స్‌కు పనికొస్తుంది. అంతకు మించితే గది నిండా బరువు పడ్డప్పుడు నేను చెప్పిన 10 దాటుతుందని అర్థం.

పాతమిద్దె (ప్రొద్దుటూరు)

అన్నలూ, నిన్నంతా ఇదే పని.

మూడు కొనలు బాగున్నాయి. నాలుగోది, పడమటి గోడలోది, పైకప్పు తూము నీళ్లు పడే చోటికి సరిగ్గా కిందుంది. స్క్రూడ్రైవర్ రెండంగుళాలు దిగింది, అరటిబోదెలో దిగినట్టు. తీస్తే మట్టి రాలింది. కొనలు గట్టిగా ఉంటేనే అని ఇంజనీరన్న చెప్పాక కూడా ఉండబట్టలేక దారం కట్టి చూశా, నేనూ మా బావమరిదీ నిలబడ్డాం. బాగున్న దూలం ఒకటిన్నర మిల్లీమీటర్ దిగింది. పాడైనది 5. నీళ్ల చెంబు సంగతి అడగొద్దు.

ఇన్నాళ్లు దీని కిందే కూర్చుని అన్నం తిన్నాం అంటే ఏదోలా ఉంది. ఆ మేస్త్రీ మాలు పోసి ఉంటే ఏమయ్యేదో. ఆయన అసలు తల పైకెత్తి కూడా చూడలేదు.

ఇప్పుడు దూలం మొత్తం మార్చాలా? అమ్మేమో ఈ తంటా అంతా ఎందుకు, కింది వైపు షీట్లు కొట్టి సీలింగ్ చేయించేయ్, దుమ్ము పడదు కదా అంటోంది.

వడ్రంగి పని, ఆదోని

కొన గట్టిగా ఉంటేనే నిలబడమన్నారు కదా ఇంజనీరు సార్, మీరేంది ఇద్దరూ ఎక్కారు. ముందు ఇవాళే ఆ దూలం కింద, పాడైన కొనకు రెండడుగుల ఇవతల, సర్వి కట్టె గానీ ఇనుప జాకీ గానీ నిలబెట్టండి. కింద వెడల్పాటి పలక వేసి, పైన ఇంకో పలక ముక్క పెట్టి, చీలికలు కొట్టి బిగించండి. ఎత్తడానికి చూడొద్దు, ఆనితే చాలు. పైకి ఎవరూ ఎక్కొద్దు.

దూలం మార్చనక్కర్లేదు. మెత్తబడింది ఎంతవరకో కోసి తీసేసి, గట్టి కలప తగిలే దగ్గర నుంచి నాలుగడుగుల పొడవు రెండు వైపులా ఇనుప ఛానెల్ (సి ఆకారపు ఇనుప దూలం) పెట్టి, ఆరపార బోల్టులు బిగిస్తే ఆ ఛానెలే గోడ మీద ఆనుతుంది. గోడలో ఛానెల్ కింద చిన్న రాతి దిమ్మ పెట్టించండి. ఎన్ని బోల్టులు, ఎంత సైజు అనేది ఇంజనీరు ఒకరు వచ్చి చూసి చెప్పాలి, నేను ఇక్కడి నుంచి చెప్పను. కోసిన చోట, గోడలో చెదలమందు కొట్టించండి. అన్నిటికంటే ముందు ఆ తూము. దాన్ని మార్చకుండా ఇవన్నీ చేస్తే పదేళ్లకు మళ్లీ ఇదే కథ.

అమ్మగారు చెప్పిన సీలింగ్ మాత్రం వద్దు. ఆమె బాధ అర్థమైంది, కానీ దూలాన్ని మూసేస్తే గాలి ఆడదు, చెదలు వచ్చినా కనపడదు. ఇప్పుడు కనపడింది కాబట్టే కదా తెలిసింది.

సైట్ ఇంజనీరు, కడప

ఛానెల్ పని అయ్యాక మళ్లీ దారం కట్టి కొలవండి. 2 లోపుకు వస్తే అప్పుడు టైల్స్.

పద్ధతి ఇది. పలకలు స్క్రూలతో బిగించాక దాని మీద 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది. మామూలు కమర్షియల్ ప్లై తెచ్చి ఇదీ అదీ ఒకటే అంటారు, కాదు, తడి తగిలితే పొరలు విడిపోతాయి. ఎనిమిది నాలుగు షీట్లు మీకు ఆరు పడతాయి. పలకలకు అడ్డంగా పరవాలి, నాలుగు మూలలు ఒకే చోట కలవకుండా ఇటుకలు పేర్చినట్టు మార్చి పెట్టాలి, షీటుకు షీటుకు మధ్య 3 మిల్లీమీటర్లు వదలాలి. గోడ పక్కన సెంటీమీటర్ దాకా ఖాళీ ఉండాలి. మేస్త్రీలు ఆ ఖాళీ చూస్తే చెయ్యి ఊరుకోదు, సిమెంటుతో నింపేస్తారు. నింపనివ్వొద్దు, గోడ అడుగున వేసే పట్టీ (స్కర్టింగ్) కింద అది కనపడదు.

ప్లై మీద 6 మిల్లీమీటర్ల ఫైబర్ సిమెంటు బోర్డు. కింద టైల్ గమ్ము పళ్ల తాపీతో పరిచి, దాని మీద బోర్డు పెట్టి, అరడుగు ఎడంలో స్క్రూలు. ఇక్కడ గమ్ము అంటించడానికి కాదు, కింద బోలు లేకుండా నిండడానికి. బోర్డు అతుకులు ప్లై అతుకుల మీద పడకూడదు. అతుకుల మీద ఫైబర్ మెష్ టేప్ వేసి గమ్ము పూయాలి. బోర్డు కోసేటప్పుడు బయట కోయించండి, ముక్కుకు మాస్కు కట్టుకోమనండి, ఆ దుమ్ము మంచిది కాదు.

టైల్ గమ్ము సంచి మీద ఐఎస్ 15477 అని, దానితో పాటు ఎస్1 అని ఉండేది తీసుకోండి, ఎస్1 అంటే రొంత సాగే గుణం ఉన్నది. మామూలు దానికంటే ధర ఎక్కువ, కానీ చెక్క మీద డబ్బు పెట్టాల్సింది దీని మీదే. రెండడుగుల విట్రిఫైడ్ వద్దు, అడుగు సిరామిక్ చాలు. చిన్న టైల్స్ అయితే గ్రౌట్ గీతలు ఎక్కువ, ఆ గీతలే రొంత సర్దుకుంటాయి. టైల్‌కు టైల్‌కు మధ్య 3 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టించండి, సందు లేకుండా కలిపేస్తే అందంగా ఉంటుంది అంటారు, వినొద్దు. గోడ అంచున గ్రౌట్ బదులు సిలికాన్.

ఇవన్నీ కలిపినా మొత్తం గదికి 600 కిలోల చిల్లర. మీ మేస్త్రీ లెక్కలో మూడో వంతు.

ఒక సంగతి ముందే చూసుకోండి, నేల అంగుళానికి పైనే లేస్తుంది. పాత ఇళ్లకు గడప ఎత్తుగా ఉంటుంది కాబట్టి తలుపుకు ఇబ్బంది రాకపోవచ్చు. కానీ మెట్లెక్కి పైకి వచ్చేటప్పుడు చివరి మెట్టు మిగతా వాటికంటే ఎత్తు అయిపోతుంది. కాలు అలవాటు ప్రకారం లేస్తుంది, అంగుళం తేడాకే తట్టుకుని పడతారు. పెద్దవాళ్లున్న ఇల్లు కదా.

తాడిపత్రి బండ

సరే, నేను బండలు వెనక్కి తీసుకున్నా. ఆ మెట్టుకు మాత్రం ఒక పలచ బండ ముక్క పెట్టించు, చూసినోళ్లకు మన జిల్లాల పరువు నిలబడుతుంది.

కర్నూలు పాతబస్తీ

ఒక్క అనుమానం సార్, ఇంత ఖర్చు పెట్టేదానికి పలకలు అలాగే ఉంచి, సందుల్లో సన్న చెక్క పట్టీలు దూర్చి, ఇసుక కాగితం పట్టించి పాలిష్ కొట్టిస్తే సరిపోదా? దుమ్ము పడదు, బరువు పెరగదు. మేం టైల్స్ పీకాక చివరికి అదే చేశాం, ఇప్పటికీ బాగుంది.

వడ్రంగి పని, ఆదోని

సరిపోతుంది. నన్నడిగితే అదే చేయించమంటా, టేకు పలక మీద టైల్ వేయడమంటే నాకు ప్రాణం ఒప్పదు. కానీ ఆయన తడిగుడ్డ పెట్టుకోవాలంటున్నాడు, అది పలకల మీద రోజూ కుదరదు. పట్టీ ఒక పలకకే జిగురు పెట్టాలి, రెండు వైపులా పెడితే ఎండాకాలం పట్టీ చీలుతుంది.

పాతమిద్దె (ప్రొద్దుటూరు)

ఇంజనీరు ఒకాయన రేపు వచ్చి చూస్తానన్నాడు. తూము ఇవాళే మార్పిస్తున్నా. ఛానెల్ పని అయ్యేదాకా టైల్సా పాలిషా అనేది పక్కన పెట్టా, నిజం చెప్పాలంటే పాలిష్ వైపే మనసు పోతోంది, పలకలు ఒక మూల తడిగుడ్డతో తుడిచి చూస్తే కింద నుంచి ఎంత మంచి రంగు వచ్చిందో. అమ్మకు ఏదైనా సరే, పప్పులో దుమ్ము పడకపోతే చాలంట.

వడ్రంగి పని, ఆదోని

అవన్నీ సరే సార్, సర్వి కట్టె నిలబెట్టారా లేదా?

పాతమిద్దె (ప్రొద్దుటూరు)

నిలబెట్టాం అన్నా, రెండు. పొయ్యి పక్కనే పడింది, అమ్మ దానికి గరిటెలు తగిలించుకుంటోంది.